మీల్స్ హోటల్లో నెయ్యి వద్దని చెప్పడం

నా రక్తం తీసిన గొట్టాన్ని ల్యాబ్ టెక్నీషియన్ వెలుగుకి ఎత్తి మా ఆవిడకి చూపించాడు. పైన పాలు కలిసినట్టు తెల్లగా తేరింది. 150 లోపు ఉండాల్సిన ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 2,000 దాటాయి. క్లోమంలో తయారయ్యే లైపేజ్ అనే ఎంజైమ్ కూడా బాగా పెరిగింది. క్లోమం వాచింది, పాంక్రియాటైటిస్ అన్నారు.

పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోయేది. వెల్లకిలా పడుకోలేను, ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త ఓర్చుకోగలను. ఇలాంటి నొప్పి వస్తే గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎక్కువమందికి ఈ జబ్బు పిత్తాశయంలో రాళ్ల వల్లో, మద్యం వల్లో వస్తుందట. నాకు ఆ రెండూ లేవు. బయటపడని షుగరు, రక్తంలో పేరుకున్న కొవ్వు కలిసి ఇంత పని చేశాయి.

మొదట నోటికి ఏమీ ఇవ్వలేదు, అంతా సెలైన్లే. ఇంటికి పంపేటప్పుడు షుగరు మందులు, ట్రైగ్లిజరైడ్లు తగ్గడానికి ఫెనోఫైబ్రేట్ రాశారు. కొన్నాళ్లపాటు కొవ్వు రోజు మొత్తానికి 30 గ్రాములు దాటకూడదని డైటీషియన్ గట్టిగా చెప్పారు. టేబుల్ స్పూన్ నూనెలోనే దాదాపు 14 గ్రాములు ఉంటుంది.

నాది విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ తిరుగుతూ ఉంటాను. ఎండాకాలం బండి మీద క్యారేజీ పెట్టుకుంటే మధ్యాహ్నానికి కూర పాడైపోతుంది. కాబట్టి హోటల్ తిండి మానడం కుదరదు, అక్కడ ఏం తినాలో నేర్చుకోవడమే.

మీల్స్ హోటల్లో ఆకు వేయగానే మాట్లాడాలి. పప్పు, పొడి పడ్డాయంటే వెనకే నెయ్యి గరిటె వచ్చేస్తుంది. వడ్డించే ఆయన ప్రేమగానే వేస్తాడు. "మంచి నెయ్యి సార్, కొంచెం వేసుకోండి" అంటే కాదనడం మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు కూర్చోగానే "బాబాయ్, ఒంట్లో బాలేదు, నెయ్యి, వేపుడు, అప్పడం వద్దు. పప్పు, చారు ఇంకోసారి వెయ్యి" అంటాను. ఒంట్లో బాలేదంటే ఎవరూ బలవంతపెట్టరు.

కూరల విషయంలో పేరు చూసి మోసపోకూడదు. గుత్తి వంకాయ కూరగాయే, కానీ అందులో పల్లీలు, నువ్వులు, కొబ్బరి, వాటికి తోడు నూనె. అదే దొండకాయో బీరకాయో పప్పులో వేసి వండితే నాకు పండగే. కర్రీ పాయింట్ దగ్గర కొన్నా గిన్నెలోకి తొంగి చూస్తాను. పైన తేరిన నూనెని గరిటెతో పక్కకి ఒత్తి, ముక్కలు మాత్రం వేయమంటాను. చేపల పులుసైనా అంతే. పెరుగు బదులు పల్చటి మజ్జిగ. బిర్యానీ జోలికి పోను, ఎందుకంటే నూనె మెతుకు మెతుక్కీ పట్టేసి ఉంటుంది, తీసేయడానికి దారి లేదు.

డాబాలో అయితే నూనె రాయని పుల్కాలు, తాలింపు వేయకముందే తీసిన పప్పు అడుగుతాను. తందూరి చికెన్ బాగా ఇష్టం. దింపాక బ్రష్‌తో వెన్న రాస్తారు కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే వద్దని చెప్పాలి.

కొవ్వు తగ్గించేశాం కదా అని అన్నం కుమ్మేస్తే మాత్రం పని జరగదు. ఎక్కువైన పిండిపదార్థాన్ని, తీపిని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చేస్తుంది. అందుకే రెండోసారి అన్నం తెచ్చినా చెయ్యి అడ్డం పెడతాను. ఆకు చివర వేసే స్వీటు కూడా ముందే వద్దంటాను.

మొన్నటి పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 300 లోపుకి వచ్చాయి. ఇంట్లో కూరల్లో ఇంకో చెంచా నూనె వాడుకోవచ్చన్నారు డాక్టరు గారు. హోటల్లో మాత్రం ఇప్పుడున్న పద్ధతే కొనసాగించమన్నారు.