అమ్మకి మొదటిసారి వీఆర్ హెడ్‌సెట్ పెట్టేముందు నేను చేసుకున్న పనులు

సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చినప్పుడు అక్కావాళ్ళు వాడకుండా పక్కన పడేసిన క్వెస్ట్ 2 అనే వీఆర్ హెడ్‌సెట్ (కళ్ళకి కట్టుకుంటే ఇంకో లోకంలో ఉన్నట్టు చూపించేది, ఫేస్‌బుక్ వాళ్ళ కంపెనీ మెటాది) ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు, "అత్తయ్యగారికి ఒకసారి చూపించు, భలే ఉంటుంది" అన్నారు బావగారు, సరే అన్నాను కానీ రెండు వారాలు దాన్ని బీరువాలోంచి తియ్యలేదు. కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఒక ఫ్రెండ్ రూమ్‌లో నాకు మొదటిసారి వీఆర్ పెట్టారు, కళ్ళజోడు తీసేయమన్నారు, ఏ సర్దుబాటూ లేకుండా తలకి బిగించేసి నిలబెట్టి డైరెక్టుగా రోలర్ కోస్టర్ ఆన్ చేశారు. బొమ్మంతా మసక, రెండు నిమిషాలకే కడుపులో తిప్పేసింది, రాత్రి పడుకునేదాకా తలనొప్పి. ఆ తర్వాత ఏడాదిపాటు దాని పేరెత్తితే చాలు వద్దు బాబోయ్ అన్నాను.

అదంతా హెడ్‌సెట్ తప్పు కాదని తర్వాత చదివితే తెలిసింది. కళ్ళేమో మనం దూసుకుపోతున్నామని చెప్తాయి, చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగమేమో లేదు నిలబడే ఉన్నావని చెప్తుంది, రెండిటికీ పొత్తు కుదరక ఒళ్ళు తిరుగుతుంది. మా అమ్మకి తిరుమల ఘాట్ రోడ్డులో చేతిలో నిమ్మకాయ లేకపోతే కుదరదు, అలాంటి మనిషికి నాకు జరిగినట్టు జరిగితే ఇంక జన్మలో ముట్టుకోదు. అందుకే ఈసారి తొందరపడదల్చుకోలేదు, ముందు రోజు రాత్రే అన్నీ రెడీ చేసి పెట్టుకున్నాను.

మొదటి పని రీసెట్. ఇంకొకరు వాడిన హెడ్‌సెట్ కాబట్టి లోపల బావగారి అకౌంటే ఉంది. పూర్తిగా ఆఫ్ చేసి పవర్ బటనూ, సౌండ్ తగ్గించే బటనూ రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే ఒక మెనూ వస్తుంది, సౌండ్ బటన్లతో కిందికి జరిగి ఫ్యాక్టరీ రీసెట్ మీద పవర్ నొక్కాలి. ఫోన్‌లో మెటా హొరైజన్ యాప్ వేసుకుని, బ్లూటూత్ ఆన్ చేసి, హెడ్‌సెట్‌లో కనిపించే కోడ్ కొడితే రెండూ కలుస్తాయి. ఫేస్‌బుక్ అకౌంట్ తప్పనిసరేమో అనుకున్నా, 2022 ఆగస్టు నుంచి ఆ గొడవ లేదు, మెటా అకౌంట్ ఒకటి చేసుకుంటే చాలు. తర్వాత అప్‌డేట్. ఇది మాత్రం ఓపిక పరీక్షే, మా వైఫైకి తొమ్మిదింటికి మొదలైంది పదకొండు దాటాక అయ్యింది. దయచేసి ఎవరికైనా చూపిద్దామని కూర్చోబెట్టుకుని ఈ పనులు మొదలెట్టకండి, వాళ్ళ ఉత్సాహం మొత్తం అక్కడే చచ్చిపోతుంది. రెండు చేతుల్లో పట్టుకునే కంట్రోలర్లకి ఒక్కోదానికి ఒక్కో పెన్సిల్ సెల్లు పడుతుంది, కొత్తవి వేసేశాను.

అమెరికా నుంచి తెప్పించుకున్న వాళ్ళకి ఇంకో సంగతి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50, ట్యూబ్‌లైట్లూ బల్బులూ మన కంటికి తెలియకుండా దాని ప్రకారమే మినుకుతుంటాయి, హెడ్‌సెట్ మీదున్న కెమెరాలు ఆ వెలుగులోనే గదిని చూస్తాయి కాబట్టి ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఒక సెట్టింగ్ ఇచ్చారు. మామూలుగా ఆటోలో ఉంటుంది, కంట్రోలర్లు అక్కడక్కడా జారుతున్నట్టు అనిపిస్తే 50కి మార్చి చూడండి.

ఇప్పుడు అసలు విషయం, కళ్ళు. రెండు కంటిపాపల మధ్య దూరం అందరికీ ఒకటి కాదు. క్వెస్ట్ 2లో లెన్సుల్ని చేత్తో పక్కకి జరిపితే మూడు చోట్ల ఆగుతాయి, 58, 63, 68 మిల్లీమీటర్లు. పొద్దున్న కాఫీ అయ్యాక అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పిల్లల జామెట్రీ బాక్స్‌లో స్కేలు ముక్కు మీద అడ్డంగా ఆనించి, "దూరంగా ఆ వేపచెట్టు చూడమ్మా" అని కొలిచాను. 60 వచ్చింది. నాది 65. అంటే అమ్మకి మొదటి నంబరు, నాకు రెండోది. నాకు సరిపోయినట్టే వదిలేసి ఆవిడకి పెట్టుంటే అక్షరాలు మసకగా కనిపించేవి, ఆవిడేమో పాపం తన చూపే బాగాలేదనుకుని సర్దుకుపోయేది. మన పెద్దవాళ్ళు అంతే కదా, ఇబ్బందిగా ఉన్నా "బానే ఉందిరా" అంటారు. అందుకే బాగుందా అని అడగొద్దు, ఎదురుగా ఏం రాసుందో చదవమనండి.

కళ్ళజోడు తియ్యక్కర్లేదు. డబ్బాలో ఒక నల్ల ప్లాస్టిక్ స్పేసర్ ఉంటుంది, ముఖానికి ఆనే ఫోమ్ తీసి మధ్యలో అది పెడితే లెన్సులు కాస్త దూరం జరుగుతాయి, కళ్ళజోడు అద్దం లెన్సుకి రాసుకోదు. ఇది పెట్టకపోతే రెండిటిమీదా గీతలు పడతాయి, లెన్సు మీద పడిన గీత ఇంక పోదు. పెట్టుకునేటప్పుడు కళ్ళజోడు ముందు భాగం హెడ్‌సెట్‌లో కూర్చోబెట్టి తర్వాత పట్టీ వెనక్కి లాగాలి, తీసేటప్పుడు కూడా ముందుకి తియ్యాలి, టోపీ తీసినట్టు పైకి లాగేస్తే కళ్ళజోడు ఊడొస్తుంది.

ఇంక మా ఇంట్లో ఎదురైనవి ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. అమ్మ కొప్పు పెట్టుకుంటుంది, వెనక పట్టీ కూర్చోవాల్సింది సరిగ్గా అక్కడే, మెడ పైన తల వెనక గుంతలా ఉంటుందే ఆ చోటు. కొప్పు మీద నుంచి పట్టీ వేస్తే జారిపోతూ బరువంతా ముక్కు మీద పడింది. హెడ్‌సెట్ అరకిలో ఉంటుంది, ముక్కు మీదైతే ఐదు నిమిషాలు కూడా కష్టం. చివరికి కొప్పు విప్పి జడ వేసుకుంటే పట్టీ రెండు పాయల మధ్య నుంచి జడని బయటికి లాగేశాం, చక్కగా కూర్చుంది. తలకి కొబ్బరినూనె, నుదుటికి కుంకుమ, రెండూ ఫోమ్ పీల్చేసుకుంటుంది, అందుకే సిలికాన్ కవర్ వేశాను. 2021 జులైలో ఆ ఫోమ్‌తో కొంతమందికి చర్మం మీద దురద వస్తోందని ఫేస్‌బుక్ వాళ్ళే ఈ కవర్లు ఫ్రీగా ఇచ్చారు, బావగారి దగ్గర అదలాగే ఉంది. తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ పోతుంది. లెన్సుల్ని మాత్రం పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి, కొలీన్ లాంటివీ శానిటైజరూ దగ్గరికి కూడా రానివ్వకూడదు.

గది సంగతి. కనీసం 2 మీటర్లు ఇంటు 2 మీటర్లు ఖాళీ ఉండాలంటారు, మా హాల్లో టీపాయ్, దివాన్ జరిపితే వచ్చింది. కంట్రోలర్ నేలకి తాకించి నేల ఎత్తు సరిచూసుకుని, చుట్టూ ముగ్గేసినట్టు హద్దు గీసుకోవాలి, ఆ హద్దు దగ్గరికి వెళ్తే కళ్ళముందు గోడలా గళ్ళు వస్తాయి. కానీ పైన సీలింగ్ ఫ్యాన్ ఉందని అది చెప్పదు, పొడుగు మనుషులు చెయ్యెత్తితే ప్రమాదం, నేను ఫ్యాన్ ఆపేసి స్టాండ్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. గాలి ఎటునుంచి వస్తుందో ఒంటికి తెలుస్తుంటే మనం ఎటు తిరిగి ఉన్నామో కూడా తెలుస్తుంది, కడుపులో తిప్పడం కూడా నాకైతే తగ్గింది. మధ్యలో చిన్న పట్టా వేసి చెప్పులు లేకుండా నిలబడితే, కాలికి పట్టా తగలకపోతే పక్కకి వెళ్ళిపోయామని అర్థం.

అమ్మని ముందు కుర్చీలోనే కూర్చోబెట్టాను. గేమ్ పెట్టలేదు. బయటి గదే నలుపూ తెలుపులో కనిపించేలా పెట్టి అయిదు నిమిషాలు ఊరికే చుట్టూ చూడమన్నాను, నా చెయ్యి కనిపిస్తోంది, ఫోటోలో నాన్న కనిపిస్తున్నారు అంది. ఎప్పుడు భయమేసినా కళ్ళు మూసుకో, నన్ను పిలువు, నేనే తీసేస్తా అని చెప్పాను. లోపల ఆవిడ చూసేది నా ఫోన్‌లో కనిపించేలా క్యాస్టింగ్ పెట్టుకున్నాను, ఇది చాలా ముఖ్యం, లేకపోతే ఆవిడ "ఇదేదో వచ్చిందిరా" అంటుంటే బయట మనకేం అర్థం కాదు.

తర్వాత ఫస్ట్ స్టెప్స్ అనే చిన్న యాప్ పెట్టాను. ఇది ఫ్రీయే, కంట్రోలర్లు ఎలా పట్టుకోవాలో నేర్పించడానికే చేశారు. ఒక బల్ల మీద దిమ్మలూ, బంతీ, కాగితం విమానాలూ ఉంటాయి. మన కిందున్న ప్రపంచం కదలదు, అందుకే ఒళ్ళు తిరగదు. అమ్మ విమానాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చిన్నప్పుడు మాకు చేసిచ్చేటప్పుడు ముక్కు మీద ఊదేది, అచ్చం అలాగే నోటిదగ్గరికి తెచ్చి ఉఫ్ మని ఊది వదిలింది. అది గాల్లో తేలుతూ వెళ్తుంటే తల తిప్పి తిప్పి చూస్తూనే ఉంది. నేను ఫోన్ పక్కన పెట్టేసి అమ్మనే చూస్తూ కూర్చున్నా.

ఆట అయ్యాక చేతిలో కంట్రోలర్ని ఆ లేని బల్ల మీద పెట్టేసింది. మణికట్టుకి తాడు వేశాను కాబట్టి వేలాడింది, లేకపోతే టైల్స్ మీద పడి పగిలేది. గాజులు పైకి జరిపి మరీ ఆ తాడు బిగించండి. లేని బల్ల మీద వాలబోయి పడేవాళ్ళు కూడా ఉంటారు, మొదటిరోజు పక్కనే ఒక మనిషి నిలబడాలి.

పదిహేను నిమిషాలకి ఆపించాను, ఇంకాసేపు అంటున్నా సరే. మర్నాడు నిలబడి బీట్ సేబర్ డెమో ఆడింది, పాటకి తగ్గట్టు మన మీదకి వచ్చే దిమ్మల్ని కత్తుల్తో కొయ్యడం, 2018లో ప్రాగ్ కుర్రాళ్ళు చేసిన గేమ్. మనం ఉన్నచోటే ఉంటాం, వచ్చేది దిమ్మలే, కొత్తవాళ్ళకి ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. స్టోర్‌లో ప్రతి గేమ్‌కీ ఒళ్ళు ఎంత తిప్పొచ్చో తెలిసేలా కంఫర్టబుల్, మోడరేట్, ఇంటెన్స్ అని రాసుంటుంది, మొదటి వారం కంఫర్టబుల్ దాటొద్దు.

పక్కింటి బుడ్డోడు ఏడేళ్ళవాడు నాకూ అని ఏడ్చాడు, బాధేసింది కానీ ఇవ్వలేదు, పదేళ్ళు నిండాలని కంపెనీ నిబంధన.

ఇంకొక్కటి. చెమటకి తడిసిందని అమ్మ దాన్ని అప్పడాల పక్కన బాల్కనీ ఎండలో పెట్టబోయింది, పరిగెత్తుకెళ్ళి తెచ్చాను. ఆ లెన్సులు భూతద్దం లాంటివి, ఎండ వాటిమీద పడితే లోపలి స్క్రీన్ కొద్దిసేపట్లోనే కాలిపోతుంది, ఇంక బాగుచెయ్యడం ఉండదు. నీడలో, గాలికి ఆరబెట్టాలి, లెన్సుల వైపు గుడ్డ కప్పాలి.

ఇప్పుడు పట్టీ మీద అమ్మకి సరిపోయే చోట ఒక ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది, నేనాడాక మళ్ళీ అక్కడికి జరిపితే చాలు. ఆదివారం పిన్ని వస్తోంది, ఆవిడ కళ్ళు కొలవడానికి స్కేలు బయటే పెట్టాను, ఆవిడకి మెరూన్ బొట్టు తీసిపెట్టింది అమ్మ.