బావ పికప్పుకు ఏ ఇంజన్

మా చెల్లెలి కుటుంబం టెక్సస్‌లో, హ్యూస్టన్ నగరానికి పడమటి వైపున ఉంటుంది. ఊరి బయట నాలుగెకరాల నేల కొన్న మా బావ, నెలకు రెండు సార్లు చిన్న ట్రాక్టరును ట్రైలరు మీద ఎక్కించుకుని అక్కడికి వెళ్లాలి. మిగిలిన రోజుల్లో అదే బండిలో ఇంటికి ఐదు కిలోమీటర్ల లోపే ఉన్న ఆఫీసుకు వెళ్లి రావాలి. అందుకోసం ఫుల్‌సైజు పికప్ కొనాలని నిశ్చయించుకుని, "బావగారూ, రంగులూ సీట్లూ మేము చూసుకుంటాం, ఇంజన్ సంగతి మాత్రం మీరే చెప్పాలి" అని ఫోను చేశారు. కావలిలో ఇరవై రెండేళ్లుగా రొయ్యల గుంటల జనరేటర్లనూ, మేత తోలే పికప్పులనూ విప్పి బిగిస్తున్నాను కనుక, ఈ బాధ్యతను తేలికగా తీసుకోలేకపోయాను.

నా నోట మొదట వచ్చిన మాట డీజిల్. షెవర్లే సిల్వరాడో 1500లో వచ్చే 3.0 లీటర్ల, ఆరు సిలిండర్ల డ్యూరామాక్స్ ఇంజన్ 2023 మోడల్ నుంచి 305 హార్స్‌పవర్, 671 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే తిప్పే బలం) ఇస్తోంది. అంతకు ముందు రూపంలో 624 న్యూటన్ మీటర్లే ఉన్నా, అది 1500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే అందేది. వానకు నానిన గుంట గట్టు మీద వడ్ల బస్తాల ట్రక్కును లాగే ట్రాక్టరును చూసిన వారికి ఆ అంకె విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇంజన్ అరవకుండా, క్లచ్ కాలకుండా బరువు కదలాలంటే టార్క్ కింది వేగంలోనే దొరకాలి.

అయితే బావ రోజూ తిరిగేది ఐదు కిలోమీటర్లే. ఈ మధ్య నా షెడ్డుకు ఒక పికప్ వచ్చింది. ఊరి నుంచి గుంటకు, గుంట నుంచి ఊరికి తప్ప అది మరెక్కడికీ పోదు. ఆయిల్ గేజి తీసి చూస్తే నూనె పై గీతను దాటి అర అంగుళం ఎక్కువ ఉంది. వేళ్ల మధ్య రాస్తే పలచగా జారిపోతోంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన వస్తోంది. పొగగొట్టంలోని మసి ఫిల్టరు తనను తాను శుభ్రపరచుకోవాలంటే కొంతసేపు ఆగకుండా వేడిగా తిరగాలి. ఆ పని మధ్యలోనే ఇంజన్ ఆపేస్తూ ఉంటే, మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండరు గోడల వెంట నూనెలోకి దిగుతుంది. బావకు డీజిల్ వద్దని చెప్పడానికి నాకు ఆ గేజి ఒక్కటే చాలింది. పైగా ఈమధ్య కాలంలో అమెరికాలో డీజిల్ ధర సాధారణ పెట్రోలు కంటే ఎక్కువగానే ఉంటోంది. ఆ డ్యూరామాక్స్‌లో ఆయిల్ పంపును తిప్పే బెల్టు ఇంజన్ వెనుక వైపు ఉంది. దానిని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. ఒక మెకానిక్‌గా ఆ అమరిక నాకు నచ్చలేదు.

టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకా, లేని వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ల మీద నాకు గౌరవం ఉంది. ఫోర్డ్ ఎఫ్-150లోని 5.0 లీటర్ల వీ8 400 హార్స్‌పవర్ ఇస్తుంది, కానీ దాని 556 న్యూటన్ మీటర్ల టార్క్ పూర్తిగా అందేది 4250 ఆర్‌పీఎం వద్ద. రామ్ 1500లో 2025 మోడల్‌కు తీసేసిన 5.7 లీటర్ల హెమీ అనే వీ8ను 2026 మోడల్‌కు మళ్లీ తెచ్చారంటే, ఆ ఇంజన్ మీద జనానికి ఎంత మమకారం ఉందో తెలుస్తుంది. పెద్ద ఇంజన్ అయినంత మాత్రాన నిశ్చింత అనుకోకూడదు. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8 కోసం 2025లో అమెరికాలో సుమారు 6 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. కనెక్టింగ్ రాడ్లలో, క్రాంక్ షాఫ్టులో తయారీ లోపాలు బయటపడగా, పరీక్షలో బాగున్న ఇంజన్లకు 0డబ్ల్యూ-20 బదులు మరింత చిక్కనైన 0డబ్ల్యూ-40 నూనె పోయించింది. టయోటా కూడా తన టండ్రా పికప్పులోని ట్విన్ టర్బో వీ6 లోపల తయారీ నాటి లోహపు రజను మిగిలిపోయిందని 2024లో సుమారు లక్ష వాహనాలను పిలిచింది. బావ పాత బండి కొనేటట్లయితే ఈ రెండింటి చరిత్రను నంబరుతో సహా సరిచూడమని గట్టిగా చెప్పేవాణ్ణి.

చివరికి నేను చెప్పింది అదే ఎఫ్-150లో వచ్చే ఫోర్డ్ 3.5 లీటర్ల ట్విన్ టర్బో వీ6, అందులోనూ హైబ్రిడ్. మామూలు రూపం 678 న్యూటన్ మీటర్లను 3100 ఆర్‌పీఎం వద్ద ఇస్తే, విద్యుత్ మోటారు తోడైన హైబ్రిడ్ 430 హార్స్‌పవర్, 773 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ట్రాక్టరూ ట్రైలరూ కలిపి మూడు టన్నులు దాటవు, వాటిని పైన చెప్పిన ఇంజన్లన్నీ లాగగలవు కాబట్టి, నా నిర్ణయానికి లాగుడు బలం అసలు కారణం కాదు. 2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో సుమారు 22 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. చెల్లెలి ఇంట్లో ఆరు రోజులు చీకటే. అత్తయ్య ఇన్సులిన్ సీసాలను ఐస్ పెట్టెలో పెట్టి, ఐస్ ఎక్కడ దొరుకుతుందా అని ఊరంతా తిరిగామని చెల్లి ఫోనులో ఏడ్చింది. కరెంటు పోయిన రాత్రి గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే, తెల్లవారే సరికి రొయ్యలన్నీ చచ్చి గట్టుకు కొట్టుకురావడం చూసినవాణ్ణి నేను. జనరేటరు లేని ఇల్లు నా దృష్టిలో బలం లేని ఇల్లే. ఈ హైబ్రిడ్ ట్రక్కు వెనుక తొట్టిలోని ప్లగ్గుల ద్వారా 7.2 కిలోవాట్ల కరెంటు ఇవ్వగలదు. ఆ సదుపాయం అన్ని బండ్లకూ రాదు, ఎంచుకుని కొనాలి.

టర్బోలు రెండు ఉన్నందుకు జాగ్రత్తలు కూడా చెప్పాను. బరువు లాగి వచ్చిన వెంటనే తాళం తిప్పేయకుండా, మన హైవే మీద లారీ డ్రైవర్లు హోటలు ముందు చేసినట్టు, రెండు నిమిషాలు ఇంజన్‌ను నిదానంగా తిరగనివ్వాలి. మీటరు ఏమి చూపినా 8 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి. కరెంటు కోసం నడిపేటప్పుడు బండి ఆరుబయటే ఉండాలి, మూసిన గ్యారేజీలో పొగ ప్రాణం తీస్తుంది.

బావ గత శనివారం బండికి అడ్వాన్సు కట్టారు. అక్కడ తుఫానుల కాలం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి, ట్రక్కు కరెంటు, వీధి కరెంటు కలవకుండా ఇంటికి మార్పిడి స్విచ్చును అంతకు ముందే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించమన్నాను. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, అత్తయ్య గదిలోని చిన్న ఏసీ ఎన్ని వాట్లు లాగుతాయో చూసి ఈ వారంలో రాసి పంపుతామన్నారు.