వసంతం తొలి ఎండను అప్పుడే నమ్మేయకండి

సముద్రానికి దూరంగా ఉండే కొండ ప్రాంతాలకి వసంతం మొదట్లో ఇచ్చే వాతావరణ అంచనా చదువుతుంటే నాకు ప్రతిసారీ కాస్త టెన్షనే. "మామూలుకన్నా వెచ్చగా ఉండే అవకాశం 40 శాతం" అని కనబడగానే చాలామంది చలి పోయిందనుకుంటారు, కానీ వెచ్చన, మామూలు, చల్లన అని మూడు వాటాలు వేస్తే ఒక్కోదానికి ఎలాగూ 33 శాతం వస్తుంది కదా, అంటే మొగ్గు కొంచెమే. పైగా అది నెలల సగటు. ఒక్క రాత్రి మంచుకి పూత మాడిపోవడం అందులో కనిపించదు.

నేను ముందు చూసేది ఎత్తు. సగటున వెయ్యి మీటర్లు పైకెళ్తే 6.5 డిగ్రీలు తగ్గుతుంది, అందుకే లోయలో వాన పడుతుంటే పైన మంచు కురుస్తుంది. రాత్రి మబ్బూ గాలీ లేకపోతే మాత్రం లెక్క తిరగబడుతుంది: బరువైన చల్లగాలి వాలు వెంట జారి అడుగున నిలిచిపోతుంది, తెల్లారి చూస్తే లోయలో గడ్డి మీద తెల్లటి పొర, కాస్త పైన ఉత్త తడి.

అన్నిటికన్నా నాకు భయం, పేరుకున్న మంచు మీద పడే వెచ్చటి వాన. రెండు నీళ్లూ కలిసి ఒక్కసారే వాగుల్లోకి దిగుతాయి. అదే మంచు పగలు కరుగుతూ రాత్రి గడ్డకడుతూ మెల్లగా తగ్గితే ఎండాకాలంలోకి కూడా నీళ్లుంటాయి. కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, పైనున్న మంచులో ఎంత నీరుందో కూడా చూడండి.