నాన్నగారి జంట గొట్టాల తుపాకి: స్టేషన్ డిపాజిట్ నుంచి ఇంటి పెట్టె దాకా నా అనుభవం

లైసెన్సు మనిషికి ఇస్తారు గానీ ఇంటికి ఇవ్వరు. లైసెన్సుదారు కన్నుమూశాక ఆ తుపాకి కొడుకు చేతిలో ఉన్నా, భార్య బీరువాలో ఉన్నా 1959 ఆయుధాల చట్టం లెక్కలో లైసెన్సు లేని తుపాకే. అనవసరమైన జాప్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చెయ్యాలని 21వ సెక్షన్ చెబుతుంది. మన వైపు జరిగేది వేరు. పెద్దకర్మ అయ్యేదాకా దాని ఊసు ఎవరూ ఎత్తరు, ఆ తరవాత అది అటకెక్కుతుంది. చుట్టాలు, వంటవాళ్లు, షామియానా వాళ్లు వచ్చిపోయే ఆ రోజుల్లోనే ఇంట్లో తుపాకి ఉందన్న మాట నాలుగు ఊళ్లకీ పాకుతుంది. కాగితం మీద ఎవరిదీ కాని ఆ కాలంలోనే తుపాకి దొంగ చేతికి పోవడం తేలిక అని నా గట్టి నమ్మకం. మాది రాజాం దగ్గర పల్లె. ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేశాను కాబట్టి తుపాకి విప్పడం, బిగించడం నాకు తెలిసిన పనే. మా నాన్నగారి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకిని డిపాజిట్ చేసి, వారసుల లైసెన్సు మీద తిరిగి తెచ్చుకునే దాకా ఎక్కడ ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు అది ఖాళీగా ఉందో లేదో తేల్చాలి. గొట్టాలు మనుషులు లేని వైపు నేలకి వంచి, వేలు ట్రిగ్గర్‌కి తగలకుండా, పై మీట పక్కకి తోసి విరవాలి, అంటే కీలు దగ్గర వంచి తెరవాలి. రెండు చాంబర్లూ (తూటా కూర్చునే చోట్లు) కంటితో చూడాలి, చిటికెనవేలు పెట్టి తడమాలి కూడా. పాత అట్ట తూటాలు మన సముద్రపు గాలికి చెమ్మ పట్టి ఉబ్బుతాయి, చాంబర్‌లో బిగుసుకుపోతాయి. అలాంటిదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించకూడదు, గొట్టం మూతిలోంచి ఊచ పెట్టి పొడవకూడదు. వెనక ఉన్న క్యాప్‌కి దెబ్బ తగిలితే పేలుతుంది. విరిచిన తుపాకిని విరిచినట్టే ఉంచి స్టేషన్‌కి చెబితే జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఉండే ఆర్మరర్ చూసుకుంటాడు. తుపాకి అలవాటు లేని ఇంట్లో అయితే దాని జోలికే వెళ్లొద్దు. గదికి తాళం వేసి ఫోన్ చెయ్యడమే సరైన పని.

తరవాత నంబరు. జంట గొట్టాల తుపాకి మూడు ముక్కలుగా విడిపోతుంది: గొట్టాలు, గొట్టాల కింద ఉండే ముందు కర్ర, మడమతో (భుజానికి ఆనించే కర్రతో) కలిసిన యాక్షన్, అంటే పేల్చే యంత్రాంగం. గొట్టాల అడుగున చదునుగా ఉన్నచోట, యాక్షన్ మీద, ముందు కర్ర ఇనుము మీద నంబరు కొట్టి ఉంటుంది. ఆ మూడూ ఒకటేనా, లైసెన్సు పుస్తకంలో ఉన్నదీ అదేనా అని చూడాలి. చేత్తో రాసిన పాత పుస్తకాల్లో 1 కాస్తా 7 అవుతుంది, 3 కాస్తా 8 అవుతుంది. పుస్తకం చూసి రసీదు రాస్తే ఆ తప్పే రసీదులోకీ ఎక్కుతుంది, రేపు తుపాకి తిరిగి అడిగేటప్పుడు ‘ఇది మీది కాదు’ అనే మాట వస్తుంది. అందుకని ఇనుము మీద ఉన్నది చదివి రాయించాలి. నంబరు గాడిలో సుద్దపొడి రుద్ది, పక్కనుంచి టార్చి వేసి ఫోటో తీస్తే అరిగిన అంకె కూడా తేలుతుంది. ఈ ఫోటోలు ఫోన్‌లో ఉంటే చాలదు, ప్రింటు తీసి లైసెన్సు నకలుతో కలిపి పెట్టుకోవాలి.

స్టేషన్‌కి తుపాకిని మనం మోసుకెళ్లకూడదు. ఆ తుపాకి మీద మనకు లైసెన్సు లేదు, దారిలో తనిఖీ జరిగితే జవాబు ఉండదు. మేం మరణ ధ్రువీకరణ పత్రం, లైసెన్సు నకలు జతచేసి ఎస్సైగారికి అర్జీ పెట్టుకున్నాం. హెడ్ కానిస్టేబులు, ఒక కానిస్టేబులు ఇంటికి వచ్చి పెద్దమనుషుల ఎదుట కాగితం రాసుకుని పట్టుకెళ్లారు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది రసీదు మీద. ‘ఏటండీ ఇంత రాయమంటారు, తుపాకి ఒకటి, తూటాలు కొన్ని అంటే చాలదా?’ అన్నారు హెడ్డుగారు. ‘చాలదండీ హెడ్డుగారూ, రేపు మీరు బదిలీ అయి వెళ్లాక వచ్చినాయన దీన్ని బట్టే లెక్క చూసుకోవాల. మీకూ రక్షణే గదా’ అన్నాను. అలా అనేసరికి ఆయనే ఓపిగ్గా రాశారు. తయారీ, బోరు, నంబరు, గొట్టం పొడవు, మడమ మీద ఉన్న చీలిక, తూటాలు ఏ సైజువి ఎన్ని, బెల్టు, శుభ్రం చేసే కడ్డీ అన్నీ రాయాలి. ఎల్‌జీ, ఎస్‌జీ, నాలుగో నంబరు (తూటాలోని గుండ్ల సైజులు) అని వేర్వేరుగా లెక్క కట్టాలి. చివర ప్రాపర్టీ రిజిస్టరు వరస నంబరు, జనరల్ డైరీలో ఎక్కించిన తేదీ, ఎస్సై సంతకం, ముద్ర ఉండాలి. తిరిగి తీసుకోవడానికో అమ్ముకోవడానికో ఉన్న గడువు ఎప్పటిదాకానో కూడా దాని మీదే రాయించుకోవాలి. ఆ గడువు దాటితే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో తుపాకి ప్రభుత్వపరం అవుతుంది.

స్టేషన్‌లో అది ఏ గదిలో ఉంటుందో అడగడానికి మొహమాటపడొద్దు. ప్రాపర్టీ గదిలో కేసుల సామాను కుక్కి ఉంటుంది, సారా డబ్బాలు, గంజాయి మూటలు, తుప్పు పట్టిన బళ్ల భాగాలు. కోర్టు వాయిదాల కోసం ఆ తలుపు రోజూ ఎవరో ఒకరు తీస్తారు. తుపాకి ఉండాల్సింది బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే స్టేషన్ ఆయుధాల గదిలో. మా స్టేషన్‌లో ఎస్ఎల్ఆర్ రైఫిళ్లు కర్ర ర్యాకులో నిలబెట్టి, ట్రిగ్గర్ గార్డుల్లోంచి ఒకే గొలుసు దూర్చి, చివర తాళం వేసి ఉన్నాయి. మా తుపాకి నంబరు రాసిన రేకు బిళ్ల కట్టి ఆ వరస చివర పెట్టారు, తూటాలు వేరే ట్రంకు పెట్టెలో. పద్ధతి మంచిదే. కానీ గొలుసు తాళంచెవి, గది తాళంచెవి ఒకే గుత్తికి ఉంటే రెండు తాళాలు ఉన్నా ఒకటే లెక్క. ఆర్మీ కోత్‌లో (ఆయుధాల గదిలో) దీని మీదే పట్టుదల ఎక్కువ: ఆయుధం తీసేవాడు వేరు, లెక్క చూసేవాడు వేరు, డ్యూటీ మారినప్పుడల్లా నంబరు చదివి అప్పగింత. తలలు లెక్కపెట్టి ‘సరిపోయింది’ అంటే కుదరదు.

లెక్క తప్పితే ఎంత గందరగోళమో కేరళ చూపించింది. 2020 ఫిబ్రవరిలో ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ నివేదిక అక్కడి సాయుధ పోలీసు బెటాలియన్‌లో 25 ఇన్సాస్ రైఫిళ్లు, 12,061 తూటాలు లెక్కకు రాలేదని రాసింది. తరవాత క్రైం బ్రాంచి ఒక్కొక్క నంబరూ సరిచూసి రైఫిళ్లు పోలేదని చెప్పింది. వేరే చోటికి ఇచ్చినవి రిజిస్టరులో సరిగ్గా లేవు. అలాంటి రిజిస్టరు ఉన్నచోట నిజంగా ఒకటి పోయినా ఏళ్ల తరబడి బయటపడదు.

గోడలు, కాపలా ఎంత ముఖ్యమో మన సరిహద్దు అవతలే తెలిసింది. 2004 ఫిబ్రవరి 6న ఒడిశాలోని కొరాపుట్‌లో మావోయిస్టులు జిల్లా ఆయుధాగారాన్నే దోచుకున్నారు. 2008 ఫిబ్రవరిలో నయాగఢ్‌లోనూ అదే జరిగింది. ఒకచోట అన్నీ పోగుచేసి కాపలా పలచగా ఉంచితే అదే ఎర అవుతుంది. రోజువారీ ముప్పు మాత్రం ఇంత పెద్దది కాదు. గన్‌మన్ పిస్టల్ కారు డ్యాష్‌బోర్డులో వదిలి టీ తాగడానికి దిగడం, సెలవు మీద ఊరెళ్తూ ఆయుధం జమ చెయ్యకపోవడం, బస్సులో నిద్రపోవడం. పిస్టల్‌కి ల్యాన్యార్డ్ (ఒంటికి కట్టి ఉంచే తాడు) కట్టుకోవడం, సెలవు పాస్ మీద సంతకానికి ముందే ఆయుధం జమ అయినట్టు చూడటం అనే రెండు అలవాట్లు ఇందులో చాలావాటిని ఆపుతాయి.

చెమ్మ సంగతి కూడా చెప్పాలి. డిపాజిట్ చేసే ముందే గొట్టాలు తుడిచి పలచగా తుపాకి నూనె పట్టించాలి. కొబ్బరినూనె రాస్తే జిగురు కడుతుంది. తోలు కవర్లో, గోనెలో చుట్టి ఇవ్వకూడదు, అవి నీరు పీల్చి ఇనుముకి అంటిస్తాయి. ఒక్క వానాకాలం చాలు, గొట్టం లోపల గుంటలు పడతాయి. డిపాజిట్‌కి అనుమతి ఉన్న డీలరు దగ్గర పెడితే నెలకింతని తీసుకుని సంరక్షణ చూస్తాడు, వారసుల లైసెన్సు ఆలస్యమయ్యేలా ఉంటే అదే మేలు.

వారసుల లైసెన్సుకి దారి 2016 ఆయుధాల నియమావళిలో 25వ నియమం. ఏ-1 దరఖాస్తు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులు అభ్యంతరం లేదని ఇచ్చే నోటరీ అఫిడవిట్లు, డాక్టరు ఇచ్చే శారీరక, మానసిక ఆరోగ్య పత్రం, వాడకంలో శిక్షణ పత్రం, తుపాకి డిపాజిట్ రసీదు. పెళ్లయి వెళ్లిన అక్కచెల్లెళ్ల సంతకాల దగ్గరే చాలా ఫైళ్లు ఆగుతాయి, వాళ్లూ వారసులేనని ముందే గుర్తుపెట్టుకోవాలి. పోలీసు నివేదికకి 30 రోజులు, అది చేరాక నిర్ణయానికి 60 రోజులు అని నియమావళిలో ఉంది. లైసెన్సు ఇప్పుడు అయిదేళ్లకి. 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు, వారసత్వంగా వచ్చినదైనా అంతే.

మా వైపు వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పాలకొండ, సాలూరు, కురుపాం పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అంతకుముందు ఇచ్చిన లైసెన్సుల మీద పాత జిల్లా కలెక్టరు ముద్రే ఉంటుంది. దరఖాస్తు ఇప్పుడు ఉంటున్న జిల్లాకే పెట్టాలి. పాత లైసెన్సు విశిష్ట గుర్తింపు సంఖ్య, మొదట మంజూరైన ఉత్తర్వు నంబరు, తేదీ రాసిస్తే పాత రికార్డు తెప్పించడం వాళ్లకి తేలిక.

ఇది చదివే పెద్దలకి ఒక మాట. డెబ్భై ఏళ్లు నిండినా, తుపాకి తీసుకుని పాతికేళ్లు అయినా, ఏది ముందైతే అప్పుడు, బతికుండగానే వారసుడి పేరు చెప్పి లైసెన్సు ఇప్పించవచ్చు. అలా చేస్తే తుపాకి ఒక్క రోజు కూడా ఎవరిదీ కాకుండా ఉండదు, పైన రాసిన తిరుగుడు సగం తప్పుతుంది.

పోలీసు విచారణకి వచ్చేవాళ్లు తుపాకి ఎక్కడ పెడతారని అడుగుతారు, కాబట్టి పెట్టె ముందే సిద్ధం కావాలి. బీరువా పనికిరాదు. దాని రేకు డబ్బా మూతలా వంగుతుంది, పైగా దొంగ మొదట బంగారం కోసం చూసేది దాన్నే. మేం 3 మిల్లీమీటర్ల రేకుతో వెల్డింగు షాపులో చేయించాం: 34 అంగుళాల ఎత్తు, 12 వెడల్పు, 10 లోతు. 30 అంగుళాల గొట్టాలు నిలువుగా పడతాయి. కీళ్లు లోపలికి ఉండాలి, తాళం కప్ప పైకి కనిపించకూడదు. బయట వేలాడే కప్పని కట్టర్ క్షణంలో కొరికేస్తుంది. ఇంత చేసినా పెట్టె బరువు 25 కిలోలు దాటి ఎంతో ఉండదు, ఒక్క మనిషి భుజాన వేసుకుపోగలడు. దాన్ని నేలకి కట్టెయ్యాలి. పల్లెటూరి మట్టి గోడలో, సున్నం కట్టుబడిలో యాంకర్ బోల్టు నిలవదు. రెండంగుళాల గచ్చులోనూ నిలవదు, కింద ఉన్నది ఇసుకే. గచ్చు కోసి 18 అంగుళాల చదరం, అడుగు లోతు గుంట తీసి, నాలుగు 12 మిల్లీమీటర్ల జె-బోల్టులు నిలబెట్టి 1:2:4 కాంక్రీటు పోశాం. అర బస్తా సిమెంటు సరిపోయింది, దిమ్మ దాదాపు 150 కిలోలు వస్తుంది. వారం రోజులు తడిపాక పెట్టె దించి నట్లు లోపలి నుంచి బిగించాలి.

ఆ పెట్టెలో గొట్టాలు, ఇంకో చిన్న తాళంతో తూటాలు. మడమ, ముందు కర్ర వేరే గదిలో, వేరే పెట్టెలో, అదీ బిగించినదే. ఏ ఒక్క పెట్టె పగలగొట్టినా దొంగకి పేల్చే తుపాకి దొరకదు. నీలం రంగు సిలికా జెల్ ఒక పొట్లం వెయ్యాలి, గులాబీ రంగుకి మారితే సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలం అవుతుంది. బ్యాటరీ తాళాలు నేను వద్దంటాను. తిత్లీ తుఫానుకి 2018 అక్టోబరులో పలాస వైపు చూశాం, పైకప్పులు లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. చెమ్మకి బ్యాటరీ కారితే యజమానే తెరవలేడు. తుఫాను హెచ్చరిక వస్తే, ఇంటిమీద పెంకో రేకో ఉంటే, ముందుగానే స్టేషన్‌కి చెప్పి డిపాజిట్ చెయ్యడం క్షేమం. తాళంచెవులు దేవుడి గూట్లో, పప్పుల డబ్బాలో పెట్టొద్దు, పిల్లలకి ఆ చోట్లన్నీ తెలుసు. లైసెన్సుదారు ఒంటిమీదే ఉండాలి, మారు తాళంచెవి బ్యాంకు లాకర్లో.

తుపాకి తిరిగి తీసుకునేటప్పుడు రసీదు చేత్తో పట్టుకుని ఒక్కో అంశం సరిచూసుకున్నాకే సంతకం పెట్టాలి. గొట్టాలు వెలుగుకేసి పెట్టి లోపల చూడాలి. కుమ్మరి పురుగు గొట్టంలో మట్టి గూడు కడుతుంది, అది చూడకుండా పేలిస్తే గొట్టం చీలుతుంది. ఎన్నికలప్పుడు జమ చేసి తెచ్చుకునేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది, 2024లో ఎన్నికల కోడ్ మార్చిలో మొదలై ఫలితాలు జూన్ 4న వచ్చాయి, పురుగుకి అంత సమయం అక్కర్లేదు. ఉబ్బిన పాత తూటాలు వెనక్కి తీసుకోకుండా అక్కడే రాతపూర్వకంగా అప్పగించడం మంచిది.

ఇంత చేశాకా తుపాకి పోతే, ఇంట్లో వెతుకుదాం అని తెల్లవార్లూ గడపొద్దు. వెంటనే దగ్గరి స్టేషన్‌లో చెప్పాలన్నది లైసెన్సు షరతు, తూటా పోయినా అంతే. ఆలస్యం చేస్తే 30వ సెక్షన్ కింద మనమీదే కేసు అవుతుంది. చోటు ఆ స్టేషన్ పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ కట్టమని అడగొచ్చు. ఫిర్యాదులో నంబరు, మూడుచోట్ల ఫోటోలు, పోయిన తూటాల లెక్క ఉండాలి. గొట్టాలే పోయి మడమ మిగిలితే ఆ సంగతీ రాయాలి, మిగిలిన ముక్కని చూపించాలి. పెట్టెని, తలుపుని ముట్టుకోకుండా వేలిముద్రలవాళ్లు వచ్చేదాకా ఉంచాలి. ఎఫ్ఐఆర్ నకలు ఒకటి కలెక్టరేట్‌లో లైసెన్సులు చూసే విభాగానికి ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించి తెచ్చుకోవాలి.