ఉద్దానం డయాలసిస్ గదిలో మాట కూడా డ్యూటీయే

డయాలసిస్‌కి కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ మొదటి వారంలోనే అడిగే మాట ఒకటుంది. "ఎన్నిసార్లు సేయించుకుంటే తగ్గుతాది సిస్టరమ్మా?" డాక్టర్ గారిని అడగరు. రౌండ్స్ టైములో పక్కన కొడుకో అల్లుడో నిలబడి ఉంటాడు. నేను చెయ్యి శుభ్రం చేసి, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన చేతి రక్తనాళం) మీద వేళ్లు పెట్టి సూది గుచ్చాల్సిన చోటు చూసుకుంటున్నప్పుడు, గొంతు తగ్గించి అడుగుతారు.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ నర్సుని. మా రిజిస్టర్ తీస్తే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల ఊళ్లే కనిపిస్తాయి. ఇక్కడ షుగర్, బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లని అనుమానించారు, ఎండలో పనిని అనుమానించారు, నొప్పి మాత్రల్ని అనుమానించారు. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మెషీన్లు పెరిగాయి. అయినా ఆ ప్రశ్న మాత్రం మంచం దగ్గర నిలబడ్డ నర్సు దగ్గరికే వస్తుంది.

ఆ ప్రశ్నకి నోటికి వచ్చే జవాబు "ఏం కాదు, తగ్గిపోతుంది." ప్రేమతోనే అంటారు, ఇంట్లోవాళ్లూ, కొత్తగా చేరిన నర్సులూ. కానీ ఉద్దానం మనిషికి ఆ మాట చెప్పడం చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. ఆయన అన్నని ఇదే జబ్బుతో పోగొట్టుకుని ఉంటాడు. మెషీన్ చప్పుడు ఆయనకి కొత్త కాదు, అన్నకి తోడుగా వచ్చినప్పుడే విన్నాడు. మనం "ఏం కాదు" అనగానే ఆయనకి ఒక సంగతి అర్థమవుతుంది, ఈమెతో నిజం మాట్లాడలేమని. తర్వాత ఏమీ అడగడు. ఇంట్లో ఏం జరుగుతోందో కూడా చెప్పడు. రోగికి ఉత్త ఆశలు చెప్పేవాళ్ల వల్ల జరిగే హాని గురించి ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే తన నర్సింగ్ పుస్తకంలో ఒక అధ్యాయం కేటాయించింది.

నేను ముందు తిరిగి అడుగుతాను. "డాక్టర్ గారు మీకేం చెప్పారు బాబాయ్?" అడిగి ఊరుకుంటాను. ఆ ఊరుకోవడం ఉంది చూడండి, అదే కష్టం. రెండు మూడు క్షణాల్లోనే ఏదో ఒకటి చెప్పేయాలని మనకి తొందర పుడుతుంది. ఆగితే మాత్రం వాళ్లే చెప్తారు. కొందరికి అంతా తెలుసు, తెలిసినట్టు ఇంట్లోవాళ్లకి తెలియకూడదని వాళ్ల బాధ. కొందరికి భయం చావు గురించి కాదు, కూతురి పెళ్లి గురించి. అప్పుడు నిజం చెప్తాను. ఇది కిడ్నీని బాగుచేసే వైద్యం కాదు, కిడ్నీ చేయాల్సిన పనిలో కొంత చేసిపెడుతుంది, మార్పిడి జరిగేదాకా మానకూడదు. మార్పిడి గురించి ఎవరిని అడగాలో కూడా అప్పుడే చెప్తాను.

ఒక రైతు ప్రతిసారీ ఒంట్లో నీరు చేరి నాలుగు కిలోలు పెరిగి వచ్చేవాడు. అంత నీరు ఒకే సిట్టింగ్‌లో లాగితే కాళ్లు కొంకర్లు పోతాయి, బీపీ పడిపోతుంది. వెయింగ్ మెషీన్ దగ్గర అందరూ తిట్టేవాళ్లు, "నీళ్లు తాగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని. ఆయన తల దించుకుని నిలబడేవాడు. ఒకరోజు సూదులు తీసి, రక్తం ఆగేదాకా గాజ్ అదిమి పట్టుకుని ఉన్నప్పుడు, "ఇంట్లో ఏ టైముకి బాగా దాహం వేస్తుంది?" అని అడిగాను. రాత్రి అన్నం తిన్నాక అన్నాడు. అన్నంలోకి ఏంటి అంటే, ఎండు చేప. రోజూ! మూలం ఉప్పు దగ్గర ఉంటే మనం నీళ్ల గ్లాసు మీద కేకలేస్తున్నాం. భార్యని పిలిపించి మాట్లాడాం. ఎండు చేప తగ్గింది, నీళ్లు కొలత సీసాలో పోసుకోవడం మొదలైంది, బరువు దిగింది. ఆ సంభాషణంతా జరిగింది గాజ్ పట్టుకున్న పది నిమిషాల్లోనే.

"అంత టైమెక్కడిది సిస్టర్, ఇంతమంది పేషెంట్లుంటే?" అని తోటివాళ్లు అడుగుతారు. న్యాయమైన మాటే, సిబ్బంది చాలరు. కానీ బరువు చూసేటప్పుడు, సూది పెట్టేటప్పుడు, తీసేటప్పుడు మనం అక్కడే ఉంటాం కదా. ఆ టైములో పక్క నర్సుతో మాట్లాడే బదులు ఆ మనిషితో మాట్లాడొచ్చు.

కొబ్బరినీళ్ల సంగతి వేరు. చుట్టూ తన కొబ్బరి తోటే ఉన్న మనిషికి, అందులో పొటాషియం ఎక్కువ, తాగితే గుండె ఆగిపోవచ్చు అని చెప్పాలి. దానికి ఏ టెక్నిక్కూ లేదు. "అది మానడం ఎంత కష్టమో తెలుసు" అని కూడా అనను, ఎందుకంటే నాకు తెలియదు. ఆయన చెప్పింది వింటాను.

ఇంకో చిక్కు రహస్యాలు. "డాక్టర్ గారికి సెప్పకండి, నాటు మందు తాగుతున్నాను." ఇలాంటప్పుడు సరే అని మాటివ్వకూడదు. "ఇది డాక్టర్ గారికి తెలియాలి పెద్దమ్మా, మీ మీద కోప్పడకుండా నేను దగ్గరుండి మాట్లాడతాను" అంటాను. మొదట ముఖం ముడుచుకుంటారు. తర్వాత మళ్లీ నా మెషీన్ దగ్గరికే వస్తారు.

జీఎన్ఎంలో, అంటే నర్సింగ్ డిప్లొమాలో, నర్సు-రోగి సంబంధం గురించిన చాప్టర్‌ని పరీక్ష కోసం బట్టీ పట్టాం. అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ 1952లో రాసిన సిద్ధాంతం ప్రకారం నర్సు రోగికి మొదట అపరిచితురాలు, తర్వాత టీచర్, సలహాదారు అవుతుంది, చివరికి రోగి కోలుకుని తన దారిన తాను వెళ్తాడు, ఆ సంబంధం పూర్తవుతుంది. డయాలసిస్‌లో ఆ చివరి దశ రాదు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఏళ్ల తరబడి. వాళ్లు నన్ను కూతురిలా చూస్తారు, పండక్కి అరిసెలు తెస్తారు. సంతోషమే. కానీ కూతురైతే నిజం దాచొచ్చు, నేను దాచకూడదు. నా వృత్తి అక్కడే ఉందని నమ్ముతాను. సూది ఎవరైనా నేర్చుకుంటారు, మెషీన్ టెక్నీషియన్ చూసుకుంటాడు, మందు డాక్టర్ రాస్తారు. ఈ మనిషి ఏం భయపడుతున్నాడో, ఏం తింటున్నాడో, ఏం దాస్తున్నాడో తెలుసుకుని దాన్ని వైద్యానికి అందించేది నర్సు.

అందుకే నోట్స్‌లో "పేషెంట్ కోఆపరేటివ్" అని రాసి సంతకం పెట్టడం నాకు నచ్చదు. మా దగ్గర ఇప్పుడు డ్యూటీ మారేటప్పుడు రాసే హ్యాండోవర్‌లో బరువు, బీపీ తర్వాత ఇంకో లైను రాయమని జూనియర్లకి చెప్తున్నాను. పేషెంట్ అన్న మాట, పేషెంట్ మాటల్లోనే. నిన్న ఒక అమ్మాయి రాసింది, "వచ్చే వారం రానంటున్నాడు, బస్సు ఛార్జీకి కొడుకుని అడగలేనన్నాడు." ఈ రోజు పొద్దున్నే ఆయన కిడ్నీ పింఛను కాగితాలు ఎక్కడ ఆగాయో కనుక్కునే పని మొదలుపెట్టాం.