తూర్పుకి తిరగరా అబ్బయ్యా

కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట, అదే ఫ్లైట్ సిమ్యులేటర్, దాని పిచ్చి ఉన్న పిల్లవాడు ఇంట్లో ఉంటే ఇవాళ కాకపోతే రేపైనా ఈ పేచీ తప్పదు. "అమ్మా, వీఆర్ హెడ్‌సెట్ కొనవా?" మా డాలస్ వైపు తెలుగు తల్లులు కలిసినప్పుడు ఈ మాట వస్తే కళ్లు పాడవుతాయా, ఖరీదెంత, చదువు ఏమైపోతుంది, ఈ మూడింటి చుట్టూనే తిరుగుతారు. నాకు మాత్రం ఇంకో అనుమానం. కళ్లకి అడ్డంగా తెరలు పెట్టే ఆ పరికరం తలకి తగిలించుకున్నాక పిల్లవాడి పక్కన ఎవరైనా కూర్చోగలరా? నెల్లూరులో మా నాయన ఇంట్లో ఒక వేసవి గడిపాక మిగతా ప్రశ్నలన్నీ నాకు చిన్నవైపోయాయి.

ఈ గొడవ తెలియని వాళ్ల కోసం కాస్త చెప్తాను. మామూలు స్క్రీన్ మీద విమానం నడిపితే కనిపించేది ముందు అద్దం ఒక్కటే. పక్క కిటికీలోంచి చూడాలంటే బటన్ నొక్కాలి. రన్‌వేకి పక్కగా పోతూ, దిగడానికి ఎక్కడ మలుపు తిప్పాలో తేల్చుకోవాలంటే పైలట్ మాటిమాటికీ భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలి. బటన్లతో ఆ పని చేస్తూ విమానం ఎత్తు కూడా కాపాడుకోవడం చాలా కష్టం. అందుకు రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది హెడ్ ట్రాకింగ్. ట్రాక్‌ఐఆర్ లాంటి పరికరం కొంటే స్క్రీన్ మీద కూర్చోబెట్టే చిన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఒకటి, టోపీకో హెడ్‌ఫోన్‌కో తగిలించే క్లిప్ ఒకటి వస్తాయి. క్లిప్ మీద ఉన్న మూడు బిందువులు ఎటు కదిలాయో చూసి, తల ఎటు తిరిగిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. తల తిప్పడం, ఎత్తి దించడం, పక్కకి వాల్చడమే కాదు, ముందుకి వంగినా పక్కకి జరిగినా కుర్చీలో లేచినా తెలుస్తుంది. మొత్తం ఆరు రకాల కదలికలు. ఇందులో తమాషా ఏమిటంటే, స్క్రీన్ ముందే ఉంటుంది కాబట్టి తల పూర్తిగా పక్కకి తిప్పితే ఇంక చూసేదేమీ ఉండదు. అందుకని మనం కొంచెం తిప్పితే సిమ్యులేటర్‌లో చూపు బాగా తిరిగేలా సెట్ చేస్తారు. తల కుడికి కాస్త తిప్పాలి, కళ్లు మాత్రం స్క్రీన్ మీదే ఉంచాలి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. పరికరం కొనక్కర్లేకుండా ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మామూలు వెబ్‌క్యామ్‌తో ముఖాన్ని చూసి ఇదే పని చేస్తుంది.

రెండోది వీఆర్. రెండు కళ్లకీ రెండు వేరే బొమ్మలు, తల ఎంత తిప్పితే చూపు అంతే తిరుగుతుంది. నిజంగా కాక్‌పిట్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. నేల ఎంత దగ్గరికొచ్చిందో లోతు తెలియడం వల్ల దిగేటప్పుడు విమానం ముక్కు ఎప్పుడు ఎత్తాలో ఒంటికే తెలుస్తుందని మా వాడు అంటాడు. మా ఆయన వాడి పక్షం. యూరప్ విమానయాన భద్రతా సంస్థ 2021లోనే వీఆర్‌తో నడిచే హెలికాప్టర్ శిక్షణ సిమ్యులేటర్‌కి ఆమోదం ఇచ్చిందనీ, అది రాబిన్‌సన్ ఆర్22 కోసం స్విట్జర్లాండ్ కంపెనీ తయారు చేసిందనీ కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు నా ముందు పెట్టాడు. సరే, కొన్నాం. బొమ్మ కాదని ఒప్పుకున్నాను.

మే నెలాఖరులో బడి మూయగానే హెడ్‌సెట్, గేమింగ్ ల్యాప్‌టాప్, జాయ్‌స్టిక్ అన్నీ సూట్‌కేసులో నెల్లూరు చేరాయి. వేదాయపాలెంలో ఇల్లు. రోహిణి కార్తె. పెన్నలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించే రోజులు. ఆ ఎండల్లో ముఖానికి హెడ్‌సెట్ బిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఐదు నిమిషాల్లో లోపలి స్పాంజి తడిసిపోయేది, లెన్సులు మసకబారేవి. అదొక్కటే అయితే ఏసీ వేసుకుని సర్దుకునేవాళ్లం. మా అన్న పిల్లలు, అంటే వాడికి బావలు, ఇద్దరూ వాడి చుట్టూ మూగి "ఏం కనపడతా ఉండాది? మాకూ చెప్పరా" అని అడుగుతుంటే వాడు గాల్లోకి తల ఊపుతూ ఇంగ్లీషులో ఏదో గొణిగేవాడు. ల్యాప్‌టాప్ మీద ఆ దృశ్యం కనిపిస్తుంది, నిజమే. కానీ వాడు తల కదిపినప్పుడల్లా అది అదురుతూ ఉంటే పక్కనున్నవాళ్లకి తల తిరిగేది. కాసేపటికి బావలు క్రికెట్‌కి పోయారు. అమెరికా నుంచి వచ్చిన పిల్లవాడు నడింట్లో కుర్చీ వేసుకుని అందరి మధ్యా ఒంటరిగా కూర్చున్నాడు.

నాయన కూడా ఒకసారి పెట్టుకున్నాడు. విమానం నడుపుతున్నది మనవడు, చూస్తున్నది ఆయన. మా వాడు ఉత్సాహంగా ఒక మలుపు తిప్పేసరికి ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "ఏందమ్మా ఇది, కాళ్ల కింద నేల లేదే! తియ్యండి దీన్ని." ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివితే కడుపులో తిప్పుతుంది చూడండి, అదే జబ్బు తలకిందులుగా. బస్సులో ఒళ్లు కదులుతోందని చెవి లోపలి భాగం చెప్తుంది, కళ్లు కాదంటాయి. వీఆర్‌లో కళ్లు కదులుతున్నామంటాయి, చెవి కాదంటుంది. పైగా నడిపేవాడికంటే ఊరికే కూర్చున్నవాడికి వికారం ఎక్కువ. ఎటు తిరగబోతున్నామో ముందుగా తెలియదు కదా. కొత్తవాళ్లకి నిదానంగా పోయే చిన్న విమానం, ఎదురుగా ఫ్యాన్, కొద్దిసేపే ఆట, వికారం మొదలవగానే ఆపేయడం, ఇవే మందులు. ఓర్చుకుంటే అదే పోతుందని కూర్చోవద్దు, ఇంకా ముదురుతుంది.

మా వాడు మొహం చిన్నబుచ్చుకుని ఓపెన్‌ట్రాక్‌కి మారాడు. అసలు కథ అక్కడ మొదలైంది.

నాయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. సోమశిల నుంచి సముద్రం దాకా ఆయన సైకిల్ తొక్కని కాలవగట్టు లేదు. కనుపూరు కాలువ, సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, కనిగిరి రిజర్వాయరు, ఇవన్నీ ఆయనకి చుట్టాల కింద లెక్క. పైనుంచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. ల్యాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టి, మనవడు తల తిప్పుతూ విమానం నడుపుతుంటే పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మద్రాసులో ఎక్కారు. సెస్నా 172 అనే చిన్న విమానంలో నెల్లూరుకి ముప్పావు గంట. కుడి పక్కన తీరం. పులికాట్ వచ్చింది, శ్రీహరికోట దీవి వచ్చింది. నిజంగా అయితే ఆ దీవి మీద విమానాలకి ఆంక్షలుంటాయి, సిమ్యులేటర్‌లో అడిగేవాడు లేడు. "అది మన జిల్లానే" అన్నాడు నాయన. 2022లో సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలో కలిసిన సంగతి ఆయన మనసు ఇంకా ఒప్పుకోలేదు.

కృష్ణపట్నం దాటాక గుంటలు మొదలయ్యాయి. తీరం పొడుగునా చతురస్రాలు. "సోలార్ ప్యానెల్సా?" అన్నాడు మా వాడు. "రొయ్యల గుంటలురా అయ్యి. మా చిన్నప్పుడు ఆడ సగం వరి చేలే. మొలగొలుకులు పండేయి." పదేళ్లుగా నేను ఫోన్లో చెప్తున్నవి ఒక్కటీ వాడి తలకెక్కలేదు, ఇది మాత్రం విమానం వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు.

అసలైన చిక్కు దారి చెప్పడంలో వచ్చింది. మా నాయనకి కుడి ఎడమలతో పనిలేదు. ఇంట్లో బీరువా కూడా దక్షిణం పక్కనే ఉంటుంది, కుక్కర్ వాయవ్యం మూల ఉంటుంది. నేను అమెరికాలో పిల్లల్ని పెంచుతూ మానేసిన అలవాట్లలో ఇదొకటి. డాలస్‌లో రోడ్లకి జీపీఎస్ ఉంది, దిక్కులెందుకు? కానీ విమానంలో మొదటి పాఠమే దిక్కులు. సున్నా ఉత్తరం, 90 తూర్పు, 180 దక్షిణం, 270 పడమర. "తూర్పుకి తిరగరా అబ్బయ్యా" అని తాత అంటే మనవడు అడగకుండానే 90కి తిప్పాడు. "ఈశాన్యం" అన్నప్పుడు మాత్రం ఆగి నా మొహం చూశాడు. నేను నోరు తెరిచేలోపే పెద్ద బావ "నలభై ఐదురా" అన్నాడు. వాడు క్రికెట్ నుంచి ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. మర్నాటికి ఆగ్నేయం 135, నైరుతి 225, వాయవ్యం 315 అని కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అతికించుకున్నారు.

హెడ్ ట్రాకింగ్‌కి కూడా తంటాలున్నాయి. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ ముఖం మీద ఒక పక్కే పడితే వెబ్‌క్యామ్‌కి మొహం సగమే దొరికేది, విమానంలో చూపు పైకప్పుకి అతుక్కుపోయేది. దుప్పటి కట్టాం. ట్రాక్‌ఐఆర్ ఉన్నా అంతే, ఎండలో ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి ఆ కెమెరా కూడా తికమకపడుతుంది. పక్కన చూసేవాళ్లకి కళ్లు తిరగకుండా కదలికని నెమ్మది చేసే సెట్టింగు బాగా పెంచాల్సి వచ్చింది. తాతతో మాట్లాడేందుకు తల తిప్పితే విమానంలో చూపు కూడా పోతుంది కనుక, ట్రాకింగ్ ఆపడానికి జాయ్‌స్టిక్ మీద ఒక బటన్ కేటాయించాడు. మాట్లాడేటప్పుడు ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం. హెడ్‌సెట్‌లో ఈ బటన్‌కి సమానమైనది లేదని కాదు, బయట గది చూపించే సదుపాయం ఈమధ్య వాటిలోనూ ఉంది. కానీ ఎదుటివాడికి పిల్లవాడి కళ్లు కనిపించవు. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి కళ్లు కనపడని మొహంతో ఎంతసేపు కబుర్లు చెప్తాడు?

నెల్లూరు మీదికొచ్చాక నాయనకి కోపం వచ్చింది. రంగనాయకుల గుడి దగ్గర గాలిగోపురం లేదు, ఆ చోట ఏదో అపార్ట్‌మెంటు నిలబడి ఉంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో నేల బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రాల నుంచి వస్తుంది. వాటిలో కప్పులు గుర్తుపట్టి వాటి మీద ఇళ్లు లేపే పని బ్లాక్‌షార్క్ అనే ఆస్ట్రియా కంపెనీ సాఫ్ట్‌వేర్ చేసింది. కొన్ని పెద్ద నగరాలని తప్పిస్తే మిగతా ప్రపంచమంతా ఇలా ఊహించి కట్టిందే. పెన్న మీద ఒక వంతెన నీళ్లలోకి కుంగి కనిపించింది. నాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఎవుర్రా కాంట్రాక్టరు?" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. మా వాడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు. అర్థమయ్యే నవ్వాడు.

ఆ తప్పులే పనికొచ్చాయని నా అభిప్రాయం. అంతా సరిగ్గా ఉంటే తాతకి చెప్పడానికి ఏముంటుంది? గోపురం ఎక్కడుండాలో, కాలువ ఏ తూము దగ్గర చీలుతుందో, ఏ గుట్ట మీద గుడి ఉందో ఆయన చెప్పడం, వీడు విమానం తిప్పి తిప్పి చూడడం. మర్నాడు పొద్దున్నే ఎండ ముదరకముందే ఇద్దరూ ఆటోలో నిజం గోపురం చూసొచ్చారు.

ప్రకాశం జిల్లా మా అత్తగారి వైపు. ఈ సంగతులు ఫోన్లో విని ఆవిడ ఊరుకుంటుందా? "మీకెక్కడిదమ్మా విమానాశ్రయం, మా దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది" అంది. దగదర్తి దగ్గర విమానాశ్రయం కడతారని నెల్లూరు వాళ్లం ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం కాబట్టి నేను ఎదురు చెప్పలేకపోయాను. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు పైనుంచి చూస్తే నేలలో మెట్లు చెక్కినట్టు కనిపిస్తాయి, అవి మా వాడికి బాగా నచ్చాయి. అన్నిటికంటే నచ్చింది కొరిశపాడు. అక్కడ, ఒంగోలు దాటాక 16వ నంబరు జాతీయ రహదారినే అత్యవసర రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబరులో వాయుసేన అక్కడ ట్రయల్స్ జరిపింది. బావలిద్దరూ విజయవాడ బస్సులో ఆ రోడ్డు మీద పోయినవాళ్లే. సిమ్యులేటర్‌లో రోడ్డు మీద బండ్లు తిరుగుతూనే ఉంటాయి. "లారీ, లారీ, పైకెత్తరా!" అని ముగ్గురూ అరుస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది.

డాలస్‌లో వాడు మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకుంటాడు. ఒంటరిగా ఎగరాలనుకున్నప్పుడు అదే బాగుంటుంది, నేను కాదనను. శనివారం రాత్రి మాత్రం, అంటే నెల్లూరులో ఆదివారం పొద్దున, హెడ్‌సెట్ పక్కన పెట్టి వెబ్‌క్యామ్ ముందు కూర్చుంటాడు. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తాడు, తాత దిక్కులు చెప్తాడు. బొమ్మ ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఆయన "తిరుగు" అనేసరికి వీడు దాటిపోయి ఉంటాడు, ఇద్దరూ తిట్టుకుంటారు. మా వాడి తెలుగు గొప్పగా మారిపోయిందని చెప్పను, ఇప్పటికీ సగం జవాబులు ఇంగ్లీషులోనే. కానీ ఇప్పుడు కాల్ చేయమని నేను వెంటపడక్కర్లేదు.

నన్నడిగే తల్లులకి నేను చెప్పేది ఇదే. ముందు ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్‌తో ఓపెన్‌ట్రాక్ పెట్టి చూడండి, ఖర్చు లేదు. హెడ్‌సెట్ కొంటే వయసు చూసుకోండి. హెడ్‌సెట్లు చేసే మెటా వాళ్లు మొదట పదమూడేళ్లు అనేవాళ్లు, 2023లో తల్లిదండ్రుల అజమాయిషీలో ఉండే ఖాతాతో పదేళ్లకి దించారు. మేం పదమూడు దాకా ఆగాం.

ఈ డిసెంబరుకి మద్రాసు నుంచి నెల్లూరుకి కారు మాట్లాడదామంటే మా వాడు ఒప్పుకోలేదు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తూర్పు పక్క కిటికీ కావాలట, పులికాట్ చూడాలట. "రైల్లోంచి పెద్దగా కనపడదురా అబ్బయ్యా, సూళ్లూరుపేటలో దిగి శ్రీహరికోట రోడ్డున పోవాల, ఆడ కొంగలు కూడా ఉంటాయి" అని తాత సవరించాడు. సూట్‌కేసులతో సహా సూళ్లూరుపేటలో దిగడం ఏమిటని మా ఆయన ఇంకా గొణుగుతున్నాడు. బండి మాట్లాడి పెట్టే పని మా అన్నకి అప్పగించాం.