తొమ్మిది పాయింట్లు దాటని ఓటములు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర రాజధాని లింకన్‌లో ఒక బీమా సంస్థలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగా చేరిన కొత్తలో, శుక్రవారం వచ్చిందంటే ఆఫీసులో సగం మంది ఎర్ర చొక్కాల్లో కనిపించేవారు. మర్నాడు విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆట ఉందని, ఆ జట్టు రంగు ఎరుపని తరువాత తెలిసింది. జట్టు పేరు కార్న్‌హస్కర్స్, అంటే మక్క కంకుల పొట్టు ఒలిచేవాళ్లు. కరీంనగర్ జిల్లాలో మా చేనులో కంకులు ఒలిచి పెరిగిన నాకు ఆ ఒక్క పేరుతోనే ఊరు కొంత దగ్గరైంది.

ఆ జట్టు అయిదుసార్లు జాతీయ విజేత. 1962 నుంచి దాని సొంత మైదానంలో ఒక్క ఆటకు కూడా టికెట్లు మిగలలేదు. 1997లో గెలిచిన జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి అందుకుని దాడిని నడిపించేవాడిగా, ఆడిన స్కాట్ ఫ్రాస్ట్, ఈ రాష్ట్రపు పల్లెటూరి బిడ్డ, ఇరవై ఏళ్ల తరువాత కోచ్‌గా తిరిగి వచ్చినప్పుడు మంచి రోజులు మళ్లీ వస్తాయని అందరూ నమ్మారు.

2021లో పన్నెండు ఆటల్లో మూడు గెలిచి తొమ్మిది ఓడారు. ఆ తొమ్మిదింటిలో ఒక్కదానిలోనూ తేడా తొమ్మిది పాయింట్లు దాటలేదు. సీజన్ మొత్తంలో వీళ్లు చేసినవి 335 పాయింట్లు, ఎదుటివాళ్లకు ఇచ్చినవి 272. చిత్తుగా ఓడితే మనసు సర్దుకుంటుంది. గెలుపు చేతికందాక జారిపోతుంటే మాత్రం మనిషి అదే క్షణాన్ని పదేపదే తలచుకుంటాడు. సోమవారాల్లో మా టీమ్ లీడ్ ముఖంలో నేను చూసింది అదే. మిషిగన్ విశ్వవిద్యాలయ జట్టుతో 29-29 దగ్గర, రెండు నిమిషాలైనా మిగలని వేళ, మన క్వార్టర్‌బ్యాక్ చేతిలోని బంతిని లాక్కుని వాళ్లు ఫీల్డ్ గోల్‌తో, అంటే బంతిని స్తంభాల మధ్య నుంచి తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లతో, గెలిచారు. ఆ తరువాతి సోమవారం ఆయన మీటింగు మొదలుపెట్టడానికి ముందు కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

నవంబర్ 26న అయోవాతో జరిగిన చివరి ఆటకు ఆయనే నన్ను వెంట తీసుకెళ్లారు. అవి వాళ్ల తాతగారి కాలం నుంచి ఆ కుటుంబానికి వస్తున్న సీట్లు. చల్లని అల్యూమినియం బెంచీ మీద దుప్పటి పరిచి, క్యాబేజీ, గొడ్డుమాంసం కూరిన రొట్టె నేను తిననని తెలిసి నాకోసం విడిగా వేడి చాక్లెట్ తెచ్చారు. మూడో భాగంలో మనం 21-6తో ముందున్నాం. నాలుగో భాగంలో, ఇక ముందుకు సాగలేమని బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పగించే పంట్ వేళ, తన్నిన చప్పుడు వెంటే మరో చప్పుడు వినిపించింది: అయోవా ఆటగాడు అడ్డుపడ్డాడు, బంతిని అందుకున్నవాడు నేరుగా గీత దాటేశాడు. చివరికి 28-21.

ఆ సీజన్‌లో జట్టును ముంచినవాటిలో ముఖ్యమైనవి బంతిని తన్నే ఆ కొద్ది క్షణాలేనని నా అభిప్రాయం. మిషిగన్ స్టేట్ అనే మరో విశ్వవిద్యాలయ జట్టుతో జరిగిన ఆటలోనూ పంట్ తన్నడమే కొంప ముంచింది. ఎవరూ మనసుపెట్టి చూడని ఆ చిన్న పనికి విడిగా ఒక కోచ్‌ను పెట్టుకుని కష్టపడి ఉంటే, ఆ తొమ్మిదిలో మూడు నాలుగైనా చేతికొచ్చేవి.

2007 క్రికెట్ ప్రపంచకప్‌లో భారత జట్టు తొలి దశలోనే వెనుదిరిగినప్పుడు ఆటగాళ్ల దిష్టిబొమ్మలు తగలబెట్టడం చూసినవాణ్ణి కనుక, ఇక్కడా అలాంటిదేదో జరుగుతుందని భయపడ్డాను. నా చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం, తలలు వంచుకుని లోపలికి వెళ్తున్న ఇరవయ్యేళ్ల పిల్లలకు నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన దుప్పటి మడుస్తూ, "వాళ్లు సోమవారం క్లాసుకు కూడా వెళ్లాలి కదా" అన్నారు.

మరుసటి సెప్టెంబర్‌లో, మూడు ఆటలు కాగానే ఫ్రాస్ట్‌ను తొలగించారు. ఆ వారం ఓక్లహోమాతో ఆట ఉంటే మా టీమ్ లీడ్ తన పక్క సీటు మళ్లీ నాకే ఇచ్చారు. 49-14తో ఓడిపోయాం. ఆట ముగిసేదాకా మా ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.